చల్లటి డబ్బీ

ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. పెద్దాఫీసు క్యాంటీన్లో పనికి కుదిరిన కొత్తలో ఎవరో ఒకరు ఆ పేరుతో పిలిచే ఉంటారు. కానీ ఏళ్ల తరబడి ఆఫీసరు దగ్గర్నుంచి గేటు కాపలావాడి దాకా అందరి నోటా ఒకటే పేరు, పట్టకారు. ఎందుకంటే పొయ్యి మీద సలసల కాగే టీ గిన్నెను ఆవిడ వట్టి చేతుల్తో దింపేసేది. కొత్తగా చేరిన గుమాస్తాలు నోరు తెరుచుకుని చూసేవాళ్లు. పాతవాళ్లు వాళ్లకు చూపించడానికే "పట్టకారూ, ఏదీ ఓసారి దింపు" అనేవాళ్లు. ఆవిడ దింపేది. వాళ్లు నవ్వేవాళ్లు. ఆవిడా నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది, కోపం తెచ్చుకుంటే గిన్నె తనంతట తనే దిగుతుందా?

ఆ చేతులు అలా ఎందుకయ్యాయని అడిగిన పుణ్యాత్ముడు మాత్రం ఒక్కడూ లేడు. మొదట్లో మసిగుడ్డ ఉండేది. అది చిరిగి పీలికలైంది. కొత్తది కావాలంటే రేపు ఇస్తామన్నారు. ఆఫీసు వాళ్ల రేపు సంగతి మనకు తెలియనిది కాదు కదా. ఈలోగా కాలడం, బొబ్బలెక్కడం, అవి చితికిన చోటే మళ్లీ కాలడం. గిన్నెలు తోమే సోడా పొడి ఒకటి, పుండు మీద కారంలాగా. చివరికి వేళ్ల కొసలు చెప్పు అడుగులా మొద్దుబారిపోయాయి. సూదిలో దారం ఎక్కించుకోలేకపోయేది. అన్నంలో రాయి ఉంటే చేతికి తెలియదు, పంటికి తెలిసేది.

క్యాంటీన్ వెనక, గ్యాసు బండలు పెట్టే కొట్టు పక్కన ఒక గది ఉంది. ఆఫీసు వాళ్లదే. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. అందులో ఆవిడా, ఆవిడ కూతురూ ఉండేవాళ్లు. భర్త ఎప్పుడో పోయాడు. కూతుర్ని ఒకడికి ఇచ్చి పెళ్లి చేస్తే, ఆ మహానుభావుడు ఏడాది తిరక్కుండా పక్కటెముకలు విరగ్గొట్టి పంపించాడు. అలా వచ్చిన పిల్ల మళ్లీ తలెత్తలేదు. ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, మోచెయ్యి దానంతట అదే మొహానికి అడ్డం లేచేది. ముత్యాల్లాంటి దస్తూరి, చదువుకున్న పిల్ల, ఏం లాభం? దుకాణానికి పంపిస్తే ఉప్పు ఉందా అని అడగడానికి నోరు పెగలదు.

తల్లికి ఉన్న ఆశ ఒకటే. వచ్చే ఏడు తను రిటైరవుతుంది. తన తర్వాత ఆ క్యాంటీన్ పని కూతురికి వస్తే ఆ గది నిలబడుతుంది. రాకపోతే ఇద్దరూ వీధిలో పడతారు. ఆ పిల్లకు వెళ్లడానికి మొగుడింటి తలుపు తప్ప మరో తలుపు లేదు.

సరిగ్గా అప్పుడొచ్చింది కొత్త చట్టం. శాసనసభలో మూడో వంతు సీట్లు ఇక ఆడవాళ్లకే. వినడానికి కమ్మగానే ఉంది. క్యాంటీన్లో చప్పట్లు కొట్టిన టైపిస్టులూ ఉన్నారు. చిక్కల్లా ఏ సీట్లు అన్న దగ్గరొచ్చింది. ఇవ్వాల్సిందే అనేవాళ్లే అందరూ, నాది మాత్రం కాదు అనేవాళ్లూ వాళ్లే. ఇది తెమిలే వ్యవహారం కాదని చీట్లు తీయాలని నిర్ణయించారు. ఒక్కో నియోజకవర్గం పేరు రాసిన చీటీని నిమ్మకాయంత స్టీలు డబ్బీలో పెట్టి మూత బిగించాలి. డబ్బీలన్నీ సన్న మూతి పీపాలో వేసి తిప్పాలి. బయటికొచ్చిన సీట్లు ఆడవాళ్లవి. తీసే చెయ్యి ఏ పార్టీదీ కాకూడదు కాబట్టి, ఆఫీసులో అందరికంటే చిన్న ఉద్యోగం చేసే ఆడమనిషి కళ్లకు గంతలు కట్టుకుని తీయాలి. అందరికంటే చిన్న ఉద్యోగం ఎవరిదా అని ఎవరూ బుర్ర బద్దలుకొట్టుకోవాల్సిన అవసరం రాలేదు.

ఆ ఊరి సీటు ఏళ్లుగా ఒకాయన సొత్తు. లీడరు అంటే ఊళ్లో ఆయనే. ఆయనకో పీఏ ఉన్నాడు, నాలుకకు నూనె రాసుకుని పుట్టినవాడు. చీట్లకు ముందు ఆ పీఏ క్యాంటీనుకు వచ్చి, ఎప్పుడూ లేనిది స్టూలు లాక్కుని పొయ్యి పక్కనే కూర్చున్నాడు.

"ఏం పెద్దమ్మా, ఒంట్లో ఎలా ఉంది?"

పెద్దమ్మట! నిన్నటిదాకా పట్టకారు.

"అంతా మీ దయ బాబూ."

"మీ అమ్మాయి సంగతి అయ్యగారి చెవిన వేశాను. నీ తర్వాత ఈ పని దానికే, గది కూడా దానికే. ఆర్డరు టైపు చేయించి పెట్టా. సంతకం ఒక్కటే తరువాయి." టీ ఊదుకుంటూ గొంతు తగ్గించాడు. "మాకో చిన్న సాయం చెయ్యాలి. ఆ డబ్బీల్లో అయ్యగారి సీటుది ఐసు పెట్టెలోంచి వస్తుంది. అవి సర్దే గుమాస్తా మనవాడే. చేతికి చల్లగా తగిలిందనుకో, దాన్ని వదిలెయ్. మిగతావాటిలో ఏది తీస్తావో నీ ఇష్టం."

"ఎవరికైనా తెలిస్తే?"

"కళ్లకు గంతలు కట్టేది నీకే కదా. నువ్వేం చూశావని అడుగుతారు?"

పన్నాగం భేషుగ్గానే ఉంది. ఒక్క సంగతి తప్ప. ఆ చెయ్యి వేడి గిన్నె దింపుతుంటే ఇన్నాళ్లూ చూసి ఇకిలించినవాడు, అదే చేతిని చల్లదనం కనిపెట్టమంటున్నాడు. పేరు పెట్టి పిలిచారే గానీ ఆ పేరుకు అర్థం ఏమిటో ఒక్కడికీ తట్టలేదు. తెలివి ఎక్కువైతే ఇంతే.

ఆవిడకు తట్టింది. తట్టినా నోరు మూసుకుంది. చెప్తే ఏమవుతుంది? నువ్వు పనికిరావు పొమ్మని, ఊడ్చే ఆవిడను పట్టుకుంటారు. ఆర్డరు ఆవిడ కూతురికి పోతుంది. ఆ మధ్యాహ్నం క్యాంటీన్ ఖాళీ అయ్యాక ఒక ఐసు ముక్క తీసి అరచేతిలో పెట్టుకు చూసింది. చల్లగానే ఉంది. హమ్మయ్య, వేడి తెలియకపోతే మానె, చలి తెలుస్తోంది కదా అనుకుంది. వేళ్ల కొసలతో పట్టుకు చూడలేదు. చూడడానికి భయపడింది, అది అసలు సంగతి. ఆశపడ్డ మనిషి తనకు కావలసిన చోటే తడిమి చూసుకుంటుంది.

చీట్ల రోజున పెద్ద హాలు కిటకిటలాడింది. ముందు వరసలో పార్టీల వాళ్లు, పక్కన విలేఖర్లు, వెనక మహిళా సంఘం వాళ్లు. లీడరు కాలు మీద కాలు వేసుకుని, ఎవరి పెళ్లికో వచ్చినవాడిలా తీరిగ్గా కూర్చున్నాడు. పట్టకారు ఉతికిన బట్టలు కట్టుకుని వెళ్లింది. కూతుర్నీ వెంట తీసుకెళ్లింది. ఆ పిల్ల గోడకు అతుక్కుపోయి నిలబడింది. ఆఫీసరు ఆవిడ కళ్లకు నల్ల గుడ్డ కట్టాడు. పీపా గిర్రున తిప్పారు, డబ్బీలు గలగలలాడాయి.

పీపా మూతిలో చెయ్యి పెట్టాక తెలిసింది ఆవిడకు. అరచెయ్యి పోయేంత చోటు లేదు. వేళ్లు దూర్చి, కొసలతో పట్టి పైకి లాగాలి. కొసలకు డబ్బీలు తగిలాయి. గుండ్రంగా ఉన్నాయని తెలిసింది, అంతే. ఒకటి పట్టుకుంది. ఇది చల్లగా ఉందా? ఏమో. వదిలేసి ఇంకోటి పట్టుకుంది. ఇదీ అంతే. ఓరి దేవుడా, అన్నీ ఒకేలా ఉన్నాయి! కుడితిలో పడ్డ ఎలుకలా వేళ్లు అటూ ఇటూ కొట్టుకున్నాయి. "కానివ్వమ్మా" అన్నాడు ఆఫీసరు. దొరికినదాన్ని లాగింది. ఆయన మూత తిప్పి పేరు చదివాడు. ఎక్కడిదో సీటు. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. మళ్లీ వేళ్లు పెట్టింది, మళ్లీ లాగింది.

ఆఫీసరు ఆ రెండో డబ్బీ అందుకుంటూనే "అబ్బ, ఇదేంటిది, ఇంత చల్లగా ఉంది!" అన్నాడు, పాపం అమాయకుడు. మూత తిప్పాడు. లీడరు సీటు.

లీడరు కాలు మీది కాలు దిగింది. హాల్లో గుసగుసలు మొదలయ్యేలోపే మహిళా సంఘం కార్యదర్శి బల్ల మీద చరిచి లేచింది. "స్టీలు డబ్బీ చల్లగా ఎందుకుంటుందండీ? దాన్ని ఎక్కడ పెట్టి తెచ్చారు?" ఇక చూడండి గోల. డబ్బీలు సర్దిన గుమాస్తా మొహం చూస్తేనే సగం కథ తెలిసిపోయింది. సాయంత్రానికి ఐసు పెట్టె సంగతి ఊరంతా పాకింది. పీఏ పేరు మాత్రం ఎక్కడా బయటికి రాలేదు, అలాంటి పేర్లు రావు. వచ్చిన సీటు ఎలాగూ వాళ్లు తప్పించాలని చూసిన సీటే కాబట్టి, ఆ చీటీ చెల్లుతుందన్నారు.

మర్నాడు పేపర్లో పట్టకారు ఫోటో. 'లొంగని చెయ్యి' అని, ఎవరెంత బెదిరించినా వినలేదని రాశారు. మహిళా సంఘం వాళ్లు పూలగుత్తి తెచ్చి చేతిలో పెట్టారు. "అయ్యో, నేను కావాలని తీయలేదమ్మా, నాకసలు..." అని ఆవిడ అనబోయింది. "చూశారా ఎంత అణకువో!" అని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెప్తే వినే నాథుడు లేడు, చెప్పకపోతే లీడరు ఊరుకోడు.

ఊరుకోలేదు. వయసు మీరిందని కాగితం ఇచ్చి ఆవిడను పనిలోంచి తీసేశారు. గది ఖాళీ చేయమన్నారు. పూలగుత్తి తెచ్చినవాళ్లు పోరాడతామన్నారు, రెండు రోజులు పోరాడారు కూడా. తర్వాత ఎన్నికలొచ్చాయి, ఎవరి హడావిడి వాళ్లది. తల్లీకూతుళ్లు లారీల మరమ్మతు షెడ్డు వెనక రేకుల పంచలో చేరి, తోపుడు బండి మీద టీ అమ్ముకోవడం మొదలుపెట్టారు. వాన పడితే రేకుల చిల్లుల్లోంచి పక్క మీదే పడేది. ఇనుము తుప్పు వాసన బట్టలకు పట్టేసింది.

ఇన్ని జరిగితే, కూతురు మాత్రం మారిపోయింది. గది ఖాళీ చేసిన రోజు గిన్నెలు మూట కడుతూ ఆ పిల్ల తలెత్తి తల్లి కళ్లలోకి చూసింది.

"అమ్మా, వాళ్లు అంత బెదిరించినా నీకు భయమెయ్యలేదా?"

ఎన్నాళ్లయింది ఆ పిల్ల తనంతట తను ఒక మాట అడిగి! ఉన్నమాట చెప్పెయ్యాలనుకుంది. ఎలా చెప్తుంది, ఆ కళ్లు అలా వెలుగుతుంటే?

"భయమేంటే," అంది.

ఆ ఒక్క మాట తిని బతికింది ఆ పిల్ల. బండి దగ్గర గ్లాసులు కడిగే పిల్ల కాస్తా లారీ డ్రైవర్లతో "ముందు పాత టీ డబ్బులు ఇచ్చి మాట్లాడండి" అనడం నేర్చుకుంది. మోచెయ్యి లేవడం మానేసింది. ఒకరోజు మొగుడు వెతుక్కుంటూ వచ్చి బండి ముందు నిలబడి, పద ఇంటికి అన్నాడు. తల్లి బండి వెనక్కి జరిగింది. కూతురు మాత్రం పొయ్యి మీది గరిట తీసి పట్టుకుంది. "నేనెవరి కూతుర్నో తెలుసా? పేపర్ చదవలేదా? నడువు ఇక్కణ్నుంచి!" అంది. వాడు షెడ్డులో పని ఆపి చూస్తున్న మనుషుల్ని చూసి, గొణుక్కుంటూ పోయాడు. ఆ రోజు తల్లి సంతోషించిందో, సిగ్గుతో చచ్చిందో ఆవిడకే తెలియాలి. రెండూ జరిగి ఉంటాయి.

ఎన్నికల్లో ఏం జరిగిందో చెప్పాలా? లీడరు తన భార్యను నిలబెట్టాడు. బల్ల చరిచిన కార్యదర్శి కూడా నిలబడింది గానీ గాలికి కొట్టుకుపోయింది. భార్య గెలిచింది. ఆయన కుర్చీ పోయిందని సంబరపడ్డవాళ్లు ఉన్నారు. ఎక్కడికీ పోలేదు, ఇంట్లోనే ముందు గదిలోంచి పక్క గదిలోకి జరిగింది. జనం అర్జీలు పట్టుకుని ఇదివరకటిలాగే ఆయన హాల్లోనే కూర్చుంటున్నారు. అందరిలోకీ నష్టపోయింది ఎవరయ్యా అంటే, చీటీ తీసినావిడ.

చలికాలం వచ్చేసరికి కూతురికి దగ్గు పట్టుకుంది. రేకుల కింద పడుకుని రాత్రంతా దగ్గేది. దానికి తోడు రోడ్డుకు అడ్డమని పురపాలకం వాళ్లు బండి ఎత్తుకుపోయారు. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే అదే. తల్లి ఇక ఆగలేదు. కూతురికి చెప్పకుండా లీడరు ఇంటికి బయల్దేరింది. కొత్త సభ్యురాలైన ఆయన భార్య ఆడది కదా, ఉన్నమాట చెప్పి కాళ్లు పట్టుకుంటే కరగదా అని.

వెనక గుమ్మంలోంచి వెళ్లింది. బతుకంతా వంటిళ్లలో తిరిగిన మనిషిని ఆ గుమ్మంలో ఎవరాపుతారు? లోపల సభ్యురాలు ఒక్కతే నిలబడి పాలు కాస్తోంది. పక్క బల్ల మీద ఆ రోజు సభలో చదవాల్సిన కాగితం ఉంది. మనిషిని చూడగానే పోల్చుకుంది, పేపర్లో ఫోటో చూసింది కదా. హాలు తలుపు చేరవేసి దగ్గరికొచ్చింది.

"నువ్వేనా! నిన్నొకసారి చూడాలని ఎన్నాళ్ల నుంచో ఉంది."

"అమ్మగారూ, ఒక్కమాట చెప్పుకుందామని వచ్చాను. నేను కావాలని తీయలేదమ్మా. అయ్యగారి మాట విందామనే వెళ్లాను. నా వేళ్లకు ఏదీ తెలియదు. కావాలంటే చూడండి." కాగుతున్న పాలగిన్నెను వట్టి చేతుల్తో దింపి గట్టు మీద పెట్టింది.

సభ్యురాలు గబుక్కున ఆ చేతులు పట్టుకుంది. అన్నేళ్లలో ఆ వేళ్లను పట్టుకు చూసిన మొదటి మనిషి ఆవిడే. కొసలు ఒక్కొక్కటే నొక్కింది.

"తెలుస్తోందా?"

"లేదమ్మా."

సభ్యురాలి మొహం వాడిపోయింది. "నేను సభలో లేచి నిలబడి ఈ కాగితం చదువుతాను. ఎక్కడ ఆగాలో కూడా ఆయనే గీత గీసిస్తారు. చదివేటప్పుడల్లా నీ చెయ్యి తలుచుకుంటాను. ఒక్క ఆడదైనా ఆయన్ని కాదనగలిగింది కదా అని. ఆయనకూ అది ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. నాకు అదొక్కటే..." కళ్లు తుడుచుకుంది. "ఇది మాత్రం ఆయనకు చెప్పకు. నీకు పుణ్యముంటుంది."

"చెప్పకపోతే నా కూతురు చలికి చచ్చిపోతుందమ్మా. మీరొక్క సంతకం పెడితే చాలు. సభ్యురాలు మీరే కదా."

సభ్యురాలు ఆ చేతులు వదిలేసి పాలగిన్నె మీద మూత పెట్టింది.

"ఆయన్ని అడగాలి," అంది.

పట్టకారుకు ఒళ్లు మండిపోయింది. అంత కోపం ఆవిడ ఎన్నడూ ఎరగదు. "ఎటు తిరిగినా అక్కడికే కదమ్మా! ఆయన్నే అడగాలంటే ఆ అడిగేదేదో నేనే అడుగుతాను," అని చేరవేసిన తలుపు తోసుకుని హాల్లోకి నడిచింది.

హాల్లో అందరి ముందూ చేతులు చాచి చెప్పుకుంది. లీడరు ముందు కనుబొమలు ముడిచాడు. విన్నాడు. ఆ వేళ్ల వైపు చూశాడు. ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. ఇన్నాళ్ల ముల్లు ఊడి వచ్చినట్టు, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. "ఒరేయ్, నోరారా పట్టకారూ పట్టకారూ అని పిలుస్తూ ఆ మాత్రం తెలియలేదురా నీకు!" అని పీఏను ఒక్కటి పీకాడు. ఆ ఊపులోనే ఆర్డరు తెప్పించాడు. "పాపం, మాట వినే మనిషే. ఏమేవ్, ఇలా వచ్చి సంతకం పెట్టు." సభ్యురాలు వచ్చింది. ఎవరి వైపూ చూడకుండా సంతకం పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

అలా పని వచ్చింది, గది వచ్చింది. కూతురు ఎగిరి గంతేసింది. "చూశావా అమ్మా, భయపడకపోతే చివరికి వాళ్లే దిగొస్తారు!" అంది. తల్లి సామాన్లు మూట కట్టింది. గదికి వెళ్లే దారిలో ఒక దుకాణం ముందు ఆగి, మందపాటి మసిగుడ్డ ఒకటి కొంది.

మొదటిరోజు పని చూపించడానికి తల్లి కూడా క్యాంటీనుకు వెళ్లింది. టీ నీళ్లు మరుగుతున్నాయి. గుమాస్తాలందరూ మూగారు. "చిన్న పట్టకారు వచ్చిందిరోయ్!" అన్నారు. ఆ పిల్ల నవ్వుతూ వాళ్లకు గ్లాసులు సర్దుతోంది. పీఏ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తిన్న దెబ్బ ఎవరి మీదైనా తీర్చుకోవాలి కదా.

"మీ అమ్మ సంగతి తెలుసా? చల్లటి డబ్బీ తీయనని నాకు మాటిచ్చి వెళ్లింది. లోపల దానికోసం తెగ వెతికిందట పాపం, దొరకలేదు! మొన్న మా అయ్యగారి ముందు చేతులు చాచి ఏడిస్తే, నీకు ఈ పని పడేశారు."

అందరూ గొల్లున నవ్వారు. కూతురు నవ్వు మొహం మీదే ఆగిపోయింది. తల్లి వైపు తిరిగింది. కాదని ఒక్క మాట అంటుందేమోనని చూసింది. తల్లి తల దించుకుంది.

"ఏంటమ్మాయ్, టీ ఇస్తావా లేదా?" అని గదిమాడు పీఏ. ఆ పిల్ల మోచెయ్యి మొహానికి అడ్డం లేచింది.

గిన్నె పొంగుతోంది. తల్లి కొత్త మసిగుడ్డ మడత విప్పి అందించింది. కూతురు దాన్ని చూసింది, తీసుకోలేదు. రెండు చేతులూ చాచి గిన్నె అంచులు పట్టుకుని ఎత్తింది. పెదవి పళ్ల కింద నలిగింది, కళ్లలోంచి నీళ్లు జలజలా రాలాయి, గిన్నె మాత్రం వదల్లేదు.

"గుడ్డ తీసుకోవే! చేతులు కాలతాయే తల్లీ!"

"కాలనీలే అమ్మా," అంది కూతురు, గిన్నె గట్టు మీదికి చేరుస్తూ. "నీలాగా నాకూ అలవాటవ్వాలి కదా."

గుమాస్తాలు చప్పట్లు కొట్టారు.